మూడు కర్రల వాకిలి

“ఆ గరిటె ఇటిచ్చి పక్కకి జరుగు,” అంది మల్‌సున్ మామ్మ. “జావని అలా వదిలేస్తే అడుగంటదూ?”

సెరిన్ గరిటె ఇచ్చేసి గడప మీద కూర్చుంది. సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళ కోసం బాగుచేయించిన పాత రాతి ఇల్లది. మామ్మ పుట్టింది ఈ జేజు దీవిలోనే. జీవితమంతా సముద్రంలో మునిగి గుల్లలు ఏరిన మనిషి, ఒకరు చెబితే వినే రకం కాదు. తెల్లారేసరికే పొయ్యి రాజేసింది, పరుపులు రాతిగోడ మీద ఎండేసింది. వద్దంటే, చేతులు ముడుచుకుని కూర్చోవడం తన వల్ల కాదంది.

“నేను సియోల్ వెళ్ళిపోదామనుకుంటున్నాను మామ్మగారూ,” అంది సెరిన్.

“ఏం, మా గాలి పడలేదా?”

“గాలి బాగానే ఉంది. ఉద్యోగం మానుకుని మరీ వచ్చాను. చలికాలమంతా ఎదురుచూశాను. ఒక్కరంటే ఒక్కరు ఈ గుమ్మం తొక్కలేదు. ఎదురుగా ఎంత సముద్రం ఉంటే ఏం లాభం? గోడలతో మాట్లాడుకోవాలి.”

మామ్మ జావ కలుపుతూ వాకిలి వైపు చూసింది. వాకిలికి తలుపు లేదు. రెండు రాతి స్తంభాల మధ్య మూడు కర్రలు అడ్డంగా ఉన్నాయి.

“నిన్న నేను దించిన కర్రలు మళ్ళీ ఎవరు పెట్టారు?”

“నేనే. అందంగా ఉంటాయని రోజూ పెడతాను.”

మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

“ఓసి పిచ్చిమొహమా. ఒక కర్ర ఉంటే ఇప్పుడే వస్తానని అర్థం. రెండుంటే కాస్త ఆలస్యమవుతుందని. మూడూ ఉంటే ఊళ్ళోనే లేనని. చలికాలమంతా నేను లేను, పొండి అని చెప్పి, ఇప్పుడు ఎవరూ రాలేదని ఏడుస్తున్నావా?”

సెరిన్ గడప మీంచి లేచింది. పరుగున వెళ్ళి మూడు కర్రలూ లాగి కింద పడేసింది.

మధ్యాహ్నానికల్లా బస్‌స్టాప్ దగ్గర కొట్టు నడిపే ఆవిడ ముల్లంగి దుంపలు పట్టుకుని నేరుగా లోపలికొచ్చింది.

“ఊళ్ళోనే ఉన్నావా తల్లీ? అడిగినవాళ్ళందరికీ ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది నేనే,” అని తెగ నొచ్చుకుంది.

ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. మాటల్లో జావ గిన్నె ఖాళీ అయిపోయింది. సెరిన్ ఎన్నాళ్ళకో మనసారా నవ్వింది.

“మరి ప్రయాణం ఉన్నట్టా లేనట్టా?” వాళ్ళు వెళ్ళాక అడిగింది మామ్మ. సెరిన్ నవ్వి ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ సంచిని చెరో పక్కా పట్టుకుని బస్‌స్టాప్‌కి నడిచారు. బస్సు రానే వచ్చింది.

“వచ్చే వసంతానికి మళ్ళీ కలుద్దాం,” అంది మామ్మ.

“తప్పకుండా,” అని సెరిన్ నడుం వంచి నమస్కరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బస్సు కదిలింది.

కిటికీలోంచి చెయ్యి ఊపింది మల్‌సున్ మామ్మ, సెరిన్ పెట్టిన అతిథిగృహానికి వచ్చిన మొట్టమొదటి అతిథి.