ఒక దిక్కే నములుతున్నది

గేటు బయట ఎవరో నిలబడ్డారని మార్తమ్మ బయటికి వచ్చింది.

ముప్పై ఏళ్ల ఆడమనిషి. భుజాన కోచింగ్ సెంటర్ పాంప్లెట్ల సంచి.

"అమ్మా, గీ కుక్క మీదేనా?"

"మాదే. జిమ్మి. ఏమన్న చేసిందా ఏంది?" మార్తమ్మ కంగారు పడింది. "ఈ మధ్య ఊకె గుర్రుమంటున్నది. నిన్న మా ఆయన మూతి నిమిరితే మీదికొచ్చింది. ఎవర్నన్న కరిస్తే మేడిపల్లి అవతల ఇడిసిపెట్టొస్త అంటుండు."

వచ్చినామె ఏదో చెప్పబోయి ఆగింది.

"ఏం లేదమ్మా. ఉత్తగనే అడిగిన."

మరునాడు సాయంత్రం మళ్లీ వచ్చింది. ఆ మరునాడు కూడా. గేటు ఊచల్లోంచి జిమ్మిని చూసేది.

"ఇయ్యాల తిన్నదా అమ్మా?"

"తిన్నది. నీకెందుకు?"

కుక్కల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మార్తమ్మ భర్త ఆశీర్వాదం అన్నాడు. గేటుకు తాళం పడింది.

పదో రోజు ఆశీర్వాదం వాకిట్లో ఉండగానే ఆమె లోపలికి బ్రెడ్డు ముక్క వేసింది. జిమ్మి ఆత్రంగా అందుకుంది. నమలబోయి వదిలేసింది.

"అన్నా, ఒక దిక్కే నములుతున్నది. సొంగల నెత్తురున్నది. జర నోరు తెరిచి సూడున్రి."

"నువ్వేమన్న డాక్టరువా?" ఆశీర్వాదం గద్దించాడు. "మళ్ల ఈడ కనబడితే పోలీసోళ్లకు చెప్త."

ఆమె మళ్లీ రాలేదు.

వారానికి జిమ్మి కంటి కింద వాచింది. చీము కారింది. ఉప్పల్‌లో పశువుల డాక్టరు మత్తు ఇచ్చి నోరు తెరిచి చూపించాడు. పళ్లన్నీ పసుపు గార. పై దవడలో పెద్ద పన్ను పగిలి ఉంది.

"వేరు దాకా చీము పట్టింది. నెలల సంది నొప్పితోని ఉన్నది. కరవక ఏం జేస్తది? ఎప్పుడన్న పళ్లు తోమిన్రా?"

"కుక్కకు పళ్లు తోముతరా సార్?"

ఏడేళ్లుగా వారం వారం షాంపూతో స్నానం చేయించారు. నోరు మాత్రం ఎవరూ తెరిచి చూడలేదు.

పన్ను తీసిన మూడో రోజు జిమ్మి గిన్నె ఖాళీ చేసింది. ఆశీర్వాదం మూతి నిమిరితే కళ్లు మూసుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక మార్తమ్మ ఆమె మొదటి రోజు ఇచ్చిపోయిన పాంప్లెట్ మీది అడ్రసు పట్టుకొని ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్ సెంటర్‌కు వెళ్లింది.

"నాచారం దిక్కు పాంప్లెట్లు పంచే ఆమె ఉన్నదా?"

"దుర్గాభవానీనా? పని మానేసింది ఆంటీ," ఆఫీసులో ఉన్న సరిత చెప్పింది. "ఎటు పోయిందో తెల్వదు. ఫోను కూడా కలుస్తలేదు."

"ఎందుకు మానేసింది?"

"కాలు పుండైంది. తిరగలేకపోయింది."

"కాలుకేమైంది బిడ్డా?"

"మీ నాచారంల ఎవరింటి కుక్కో కరిచింది ఆంటీ. దానికి పిచ్చి లేస్తదేమో పది రోజులు కనిపెట్టి సూడమన్నరట దవాఖానాల. ఆ కాలుతోనే రోజూ పోయి సూసొచ్చేది, ఎవరి కుక్కో మాత్రం ఎంత అడిగినా చెప్పలె."