నీళ్లలో వెయ్యని రాయి

యోటాము జెరె భార్యను చంపినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఇందులో వాదనకు చోటు లేదు. ఎస్నాత్ పోయింది. వాళ్లు ఉన్నారు.

క్షమించమని సంఘపెద్దలు ఏళ్ల తరబడి చెప్పారు. యోటాము వినలేదు. చివరికి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు అతన్ని దూరం పెట్టారు. ఇలాగే పోతే రేపు చర్చి సమాధుల తోటలో చోటివ్వరు. ఆ తోటలో ఎస్నాత్ పక్కన ఆరడుగుల నేల ఖాళీగా ఉంది. ఈ లోకంలో యోటాముకు కావలసింది అదొక్కటే.

ఆ వారం రాజధాని లిలాంగ్వే నుంచి చర్చి యువజనులు మిషన్ పనికి ఊరొచ్చారు. పొద్దంతా బడి గోడలకు సున్నం వేశారు. ఒంటరివాళ్ల ఇళ్లలో పని చేసిపెట్టడానికి సాయంత్రాలు ఒక్కొక్కరు వెళ్లారు. యోటాము ఇంటికి లుసుంగు అనే పిల్లనే పంపాలని సంఘపెద్ద న్యిరెండా పట్టుబట్టాడు.

పిల్ల గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చేతులు మెల్లగా తట్టి పలకరించింది. వచ్చినవాళ్ల ఇంటిపేరు అడిగాకే ఆ వైపు నీళ్లిస్తారు.

“ఎవరింటి పిల్లవి?”

“జెరె అండీ. జెరెల ఆడపిల్లనని అందరూ న్యాజెరె అంటారు.”

“ఈ ఊళ్లో మేకలు తప్ప అందరూ జెరెలే.”

“అయితే మీరు నాకు నాన్న వరస.”

“వరసలు తర్వాత. ముందు పొయ్యి రాజెయ్యి. పట్నం పిల్లవి, పొగకు ఏడుస్తావేమో.”

“ఏడిస్తే గుమ్మడాకు కూరలో ఉప్పు కలిసొస్తుంది లెండి.”

యోటాము నవ్వలేదు. పిల్ల మొక్కజొన్న సంకటి గెలుకుతూ కీర్తన ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర గొంతు కాస్త జారి, మళ్లీ ఎక్కింది. యోటాము లేచి మేకల దొడ్డి దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎస్నాత్ గొంతు అక్కడే జారేది.

సంకటి చల్లారిపోయింది. అతను లోపలికి రాలేదు.

ఆ తర్వాత రోజూ అంతే. పిల్ల నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని మలుపు తిరగగానే అతను తల తిప్పుకునేవాడు. ఆ నడక చూడలేకపోయేవాడు. ఆమె వెళ్లిపోయాక కూడా వంటపాకలో గిన్నె మూత కదిలిన చప్పుడయ్యేది. పోయి చూస్తే బూడిద, గిన్నెలు. మనిషి లేదు.

“ఆ పిల్లను ఇంకో ఇంటికి పంపు,” అన్నాడు న్యిరెండాతో.

“ఏం, వంట బాగాలేదా?”

“బాగుంది.”

“మరింకేం, నోరు మూసుకుని తిను.”

చివరి సాయంత్రం ప్రార్థనకు అందరూ వాగు ఒడ్డున చేరారు. యువజనుల నాయకుడు గోమెజ్గాని గట్టు మీద నిలబడ్డాడు.

“తలా ఒక రాయి తీసుకోండి. ఎవరిని క్షమించలేకపోతున్నారో వాళ్లను తలుచుకోండి. నీళ్లలో వదిలెయ్యండి. పైకి చెప్పక్కర్లేదు. దేవుడికి వినబడుతుంది.”

న్యిరెండా వచ్చి యోటాము పక్కన నిలుచున్నాడు.

“అది వదిలావంటే ఆదివారం బల్ల దగ్గర నీకు చోటు. తోటలోనూ చోటు. నా మాట మీద నమ్మకం లేదా?”

“మాట మీద ఉంది.”

రాళ్లు ఒక్కొక్కటే నీళ్లలో పడ్డాయి. ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. యోటాము గుప్పిట విప్పలేదు.

“చెయ్యి నొప్పెడుతుంది, మొండోడా.”

“నా చెయ్యి. నా నొప్పి.”

న్యిరెండా ఉమ్మేసి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ పాడుకుంటూ ఊరి వైపు నడిచారు. లుసుంగు మాత్రం ఉండిపోయింది. వచ్చి గట్టు మీద కొంచెం ఎడంగా కూర్చుంది.

“మీ ఆవిడను చంపినవాళ్లను క్షమించరట. వాళ్లను పోలీసులు పట్టుకోలేదా?”

“పోలీసులు పట్టుకునే రకం కాదు.”

“ఊళ్లోనే ఉన్నారా?”

“ఆ రోజే పంపించేశాను.”

“ఊరికే పంపేశారా? కోపం రాలేదా?”

“వచ్చింది. చెయ్యి లేవలేదు.”

ఆమె ఒక గడ్డిపరక తుంపింది. తర్వాత తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది.

“నేనూ ఇందాక రాయి వదిలాను. నన్ను కన్నవాళ్లను తలుచుకుని. మ్జింబా దాటాక కొండ మీద మిషన్ వాళ్ల శిశుగృహం ఉంది. అక్కడ వదిలేశారట. సంకటి తినే వయసొస్తే ఎవరి పిల్లల్ని వాళ్లొచ్చి తీసుకెళ్లేవారు. నా కోసం ఎవరూ రాలేదు. పేరు నర్సమ్మ పెట్టింది. ఇంటిపేరు ఒక్కటే వాళ్లు మిగిల్చింది. ఆ కోపం ఇన్నాళ్లూ మోశాను. ఇవాళ వదిలేశాను. మీరూ వదిలెయ్యండి నాన్నా.”

యోటాము ఆమె వైపు చూడలేదు. వాగులోకి చూశాడు. నీళ్లలో పిల్ల ముఖం కదులుతోంది. నీళ్లు నిలిచినప్పుడు అది ఎస్నాత్ ముఖం. నోరు మెదిపింది. ఏమందో వినబడలేదు.

“రేపు పొద్దున్నే మా బస్సు. మళ్లీ ఈ వైపు వస్తానో లేదో,” అంది లుసుంగు. “ఒక్కటి చెప్పండి. వాళ్లు ఆమెను ఏం చేశారు?”

యోటాము లేచి నిలబడ్డాడు.

“నువ్వు ఆమె కడుపున పుట్టావు. ఆ రోజే ఆమె పోయింది,” అన్నాడు, “ఇక ఈ సంగతి చచ్చేదాకా నా నోట రాదు.”