బ్రేకు వేశానా?

ఓట్ల లెక్కింపు పదకొండో రౌండుకు వచ్చేసరికే ఇంటి ముందు బ్యాండు మేళం మొదలైంది. "అమ్మగారిదే ముందంజ!" అని గేటు దగ్గర ఎవరో అరిచారు. కారు షెడ్డులో స్టూలు మీద కూర్చున్న డ్రైవరుకు ఆ అరుపు పట్టలేదు. అతను షెడ్డు కప్పు మీద నడుస్తున్న అడుగులు వింటున్నాడు.

నాలుగడుగులు. ఆగడం. మళ్ళీ నాలుగడుగులు.

పెద్దాయన నడక అది. ఉపన్యాసానికి ముందు తన గదిలో అలాగే పచార్లు చేసేవాడు. ఆ గది షెడ్డుకు సరిగ్గా పైనే.

పెద్దాయన పోయి రెండు నెలలైంది.

ఆ రోజు ప్రచారం ముగించుకుని, మసక వెలుతురులో ఇద్దరే రేవుకు వచ్చారు. పడవ రావాలి. ఏటవాలులో కారు ఆపాడు డ్రైవరు. ఏసీ కోసం ఇంజను నడుస్తూనే ఉంది. పెద్దాయన ఎప్పుడూ ముందు సీటే, జనానికి కనపడాలని.

"వెనక టైరు ఏదో కొట్టుకుంటోంది, దిగి చూడరా" అన్నాడు.

డ్రైవరు దిగి వంగాడు. వంగినవాడి కళ్ళ ముందే టైరు కదిలింది. కారు ఊరేగింపులో వెళ్తున్నంత నింపాదిగా వెళ్ళి నీళ్ళలో దిగింది. డ్రైవరుకు ఈత రాదు. అరవడం వచ్చు, అరిచాడు. నది కారును తిరిగిచ్చింది, కండువాను తిరిగిచ్చింది, మనిషిని మాత్రం ఉంచేసుకుంది.

అప్పటికి పెద్దాయన సంగతి ఏమంత బాగాలేదు. ఎంత పైకొచ్చిన మనిషైనా సర్వేల్లో మూడో స్థానానికి దిగాడు. డిపాజిట్ మునుగుతుందని సొంత పార్టీవాళ్ళే గుసగుసలాడారు. తీరా మనిషి మునిగాడు, డిపాజిట్ తేలింది. పోలింగ్ వాయిదా పడింది. అసెంబ్లీ టికెట్ ఆయన భార్యకు, అంటే అమ్మగారికి, వచ్చింది. కేంద్రం నుంచి వచ్చిన పెద్ద నాయకుడు ఆ కండువాను కళ్ళకద్దుకుని ఏడ్చి, ముక్కు కూడా దాంతోనే తుడుచుకున్నాడు. సానుభూతిలో భూతం ఉండనే ఉంది. నియోజకవర్గాన్నంతా అదే ఆవహించింది.

డ్రైవరును ఆవహించింది మాత్రం వేరు. బ్రేకు వేశానా?

ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎక్కడ ఆపినా చెయ్యి దానంతటదే హ్యాండ్ బ్రేకు మీదికి పోయేది. ఆ రోజు పోయిందా? ఎంత తవ్వినా గుర్తు రాదు. ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా ఎడం చెయ్యి గాల్లో దేన్నో పైకి లాగుతుంటుంది.

"పైన అడుగులు వినపడుతున్నాయక్కా" అన్నాడొకరోజు వంటావిడతో.

"ఎలుకలు రా నాయనా. ఎన్నికల సీజను కదా, అవీ పాదయాత్ర చేస్తున్నాయి."

"ఎలుకలు దగ్గవుగా అక్కా!"

"ఆయన నడిచేది పైన కాదురా, నీ బుర్రలో. ముందు తిను, చల్లారిపోతోంది."

అమ్మగారు మాత్రం విసుక్కోలేదు. డ్రైవరు మీద నిర్లక్ష్యం కేసు పడితే జామీను ఆవిడే ఇప్పించింది. "ఆయన పైనుంచి అన్నీ చూస్తున్నారయ్యా" అంటుంది, సభల్లో అన్నట్టే, అదే గొంతుతో.

రేపు కోర్టు. లాయరు తేల్చి చెప్పేశాడు. "ఒప్పుకుంటే రెండేళ్ళు. లేదంటే పదేళ్ళు వాయిదాలు. ఇంతకీ వేశావా, లేదా?"

"తెలీదు సార్."

"తెలీదనే దానికి చట్టంలో సెక్షన్ లేదయ్యా."

ఇంటి దగ్గర భార్య మాత్రం ఒకటే మాట. "వేసే ఉంటావయ్యా. సైకిలుకి రెండుసార్లు తాళం వేసే మనిషివి. చెయ్యని తప్పు ఒప్పుకున్నావంటే నీతో మాట్లాడను."

వేశాడో లేదో తెలిసినవాడు ఒక్కడే. ఆ రోజు పక్క సీట్లో కూర్చున్నవాడు.

రాత్రికి గెలుపు ఖాయమై బయట బ్యాండు హోరెత్తింది. డ్రైవరు లేచి, చెప్పులు విడిచి, మేడ మెట్లెక్కాడు. పెద్దాయన గది మూసి ఉంది. తలుపుకు నుదురు ఆనించాడు.

"అయ్యా, నేనే. భయమేస్తోంది గానీ, అడక్కపోతే చచ్చిపోయేలా ఉన్నాను. ఆ రోజు నేను బ్రేకు వేశానా? వేశానంటే రేపు తలెత్తుకుని తప్పు చెయ్యలేదంటాను. వెయ్యలేదంటే తల వంచుకుని లోపలికి పోతాను. మాట పలకలేకపోతే ఒక్క చప్పుడన్నా చెయ్యండయ్యా. వేశానంటే ఒక్కటి. అంతే."

లోపల అడుగులు ఆగిపోయాయి.

డ్రైవరు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కింద ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలైంది. గదిలోంచి చీమ నడిచిన చప్పుడు కూడా రాలేదు.

"అర్థమైందయ్యా" అన్నాడు.

దిగుతుంటే మెట్ల మధ్యలో అమ్మగారు ఎదురైంది. మెడలో దండలు, చేతిలో గెలుపు ధ్రువపత్రం.

"పైకెందుకెళ్ళావు?" ఆవిడ గొంతు అంత గట్టిగా లేవడం అతను ఎన్నడూ వినలేదు.

"అయ్యను అడుగుదామని అమ్మా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదమ్మా. వేసుంటే వేశావని చెప్పకుండా ఉంటారా? నేనంటే అంత ప్రేమ ఆయనకి. రేపు ఒప్పేసుకుంటాను."

ఆవిడ నెమ్మదిగా ఊపిరి వదిలింది. "మీ ఇంటి సంగతి నేను చూసుకుంటాలే. వెళ్ళి పడుకో."

డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. గేటు దాటేదాకా చూసి, ఆవిడ మిగతా మెట్లెక్కి తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టింది.

లోపలి గడియ తీసిన పెద్దాయన ముందు మెజారిటీ ఎంతని అడిగి, తర్వాత భుజం నొక్కుకుంటూ, "వెయ్యకపోవడమేంటి, పిచ్చి వెధవ, ఎంత గట్టిగా వేశాడంటే దించడానికి నాకు రెండు చేతులూ కావాల్సొచ్చాయి" అన్నాడు.