సంతకానికి పనికొచ్చిన చదువు

అంగన్‌వాడీ గది తలుపు మూసుకుంది. బయట తాళం పడిన చప్పుడు గట్టిగా వినిపించింది.

లోపల రమ్య ఒక్కతే. బయట అరుగు మీద తండా ఆడవాళ్లు తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. ఆఫీసు జీపు పక్కన డ్రైవర్ కొండల్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఏయ్, తాళం తీయుండ్రి! మేడం సూర్యాపేట మీటింగుకు పోవాలె!"

"మేడమా? గీమె యాడి మేడం?" ముసలి సాలి నవ్వింది. కిటికీ ఊచల్లోంచి తొంగి చూసింది. "ఇన్ని దినాలు మా ఇండ్ల సుట్టు తిరిగినవ్. ఇయ్యాలన్న చెప్పు పిల్లా, నువ్వు డాక్టరువా?"

"కాదు."

"నర్సువా?"

"కాదు."

"సూదేస్తవా? గోలీలన్న ఇస్తవా?"

"ఇయ్య. రోగం యాడికెళ్లి వస్తున్నదో దేవులాడే సదువు నాది. ఎపిడెమియాలజీ అంటరు."

"నయం చెయ్యరాని సదువు ఎందుకు సదివినవే తల్లీ!"

అరుగంతా గొల్లుమంది.

ఈ ప్రశ్న రమ్యకు కొత్త కాదు. పెద్దవూర దగ్గరి తండా నుంచి రోజూ బస్సెక్కి మిర్యాలగూడలో డిగ్రీ చదివింది. హైదరాబాద్‌లో ప్రజారోగ్యంలో పీజీ, ఎం.పి.హెచ్. చేసింది. ఆ పట్టా పట్టుకుని ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. కోదాడలో ఒకాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఎంబీబీఎస్ లేకుండా ఈ ఎంపీహెచ్ ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడు. రోగం వచ్చాక సూది వేసేవాడికి ఉద్యోగం. అసలు రోగం ఎందుకొచ్చిందో వెతికేవాళ్లకు కాంట్రాక్టు. అదీ ఎవడో దయతలిస్తే.

ఆ దయ ప్రాజెక్టు డైరెక్టర్ శశిధర్ చేతిలో ఉంది. మఠంపల్లి అవతలి ఈ తండాలో జనానికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చే సర్వే అతనిదే. ఎండలో ఇంటింటికీ తిరిగింది రమ్య. ఏసీలో కూర్చుని రిపోర్టు రాసింది శశిధర్. కారణం గుడుంబా తాగడమేనని తేల్చేశాడు. ఇవాళ సూర్యాపేటలో కమిటీ ముందు నిలబడి అది నిజమని చెప్పాలి రమ్య. సంతకం పెట్టాలి. ప్రాజెక్టులో ఆ చదువు చదివింది ఆమె ఒక్కతే. ఆమె సంతకం లేని రిపోర్టును కమిటీ ముట్టదు. ఎక్కడా చెల్లని పట్టా ఇవాళ ఒక్క అబద్ధానికి చెల్లుతుంది.

పెడితే రెగ్యులర్ పోస్టు. పెట్టనంటే? కిందటేడు ఇంకో సర్వేలో పెట్టనన్న స్వాతికి ఈ జిల్లాలో మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు.

ఫోన్ మోగింది. శశిధర్.

"ఏంది రమ్యా లొల్లి?"

"తాళం ఏసిన్రు సార్. రిపోర్టుల తాగుడని రాసినట్టు వీళ్లకు తెలిసిపోయింది."

"ఎవడు చెప్పిండు?"

రమ్య నోరు తెరిచే లోపే రుక్మాబాయి కిటికీ మీదికి దూసుకొచ్చింది. ఆమె భర్త బాల్యా కిడ్నీలు చెడి మొన్ననే పోయాడు.

"సారూ, ఇనవడ్తుందా? నా మొగడు సుక్క ముట్టలే. నా కోడలు గూడ మంచం పట్టింది, అది గూడ గుడుంబా తాగిందా? మా బోరు పక్కన నీ బావమరిది పురుగుమందుల గోదాం ఉన్నది. జర వచ్చి గా నీళ్లు ఒక్క చెంబు తాగి పో!"

"దాన్ని నోరు మూసుకోమను!" శశిధర్ గొంతు లేచింది. "రమ్యా, మూడు దాటితే కమిటీ లేచిపోతది. సర్వే హైదరాబాద్ టీంకు ఇస్తరు. వాళ్లు నీళ్లకాడి నుంచి మళ్ల మొదలు పెడ్తరు. నీ పోస్టు పాయె, నా ఇజ్జత్ పాయె. బతిమాలు. మీ భాషల చెప్పు, నీ వాళ్లే గదా!"

రమ్య లంబాడీలో ఏదో చెప్పింది. ఆడవాళ్లు ఇంకా గట్టిగా తిట్టడం మొదలుపెట్టారు.

"ఇనరు సార్."

"అయితే వీడియో కాల్ చెయ్. కమిటీకి గట్లనే చెప్దువు."

రమ్య నుదుట చెమట పట్టింది. సిగ్నల్ లేదంటూ ఫోన్‌ను ఊచల దగ్గరికి తెచ్చింది. సోనీ అనే పడుచుపిల్ల చటుక్కున లాక్కుంది.

కొండల్ పెద్ద రాయి పట్టుకుని వచ్చాడు. సాలి తాళానికి వీపు ఆనించింది.

"కొట్టు బిడ్డా. ముందు నా నడుము ఇరగ్గొట్టు, ఎన్క తాళం."

కొండల్ రాయి పడేశాడు. శశిధర్‌కు ఫోన్ చేసి పోలీసులను పిలవమంటారా అని అడిగాడు. "వద్దురా! పోలీసులొస్తే పేపరోళ్లొస్తరు!" అన్న కేక కిటికీ దాకా వినిపించింది.

రేకుల కప్పు కాలుతోంది. గదిలో గాలి లేదు. రమ్య అ, ఆలు రాసిన గోడకు ఆనుకుని కూలబడింది. పోస్టు రెగ్యులర్ అవుతుందని తల్లికి నిన్ననే చెప్పింది. తల్లి తండా అంతా చెప్పుకుంది. రమ్యకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

చివరికి కొండల్ ఫోన్ మోగింది. విని, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఖతం మేడం. కమిటీ లేచింది. సర్వే హైదరాబాదోళ్లకు పోయింది. సార్ వీళ్లను తిడ్తుండు. మీరేం చేస్తరు, వీళ్లు బందీ చేసిన్రు గదా అంటుండు."

తల కొట్టుకుంటూ జీపు తిప్పడానికి వెళ్లాడు.

రుక్మాబాయి అరుగు మీది నుంచి లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఊచల్లోంచి చెయ్యి లోపలికి చాపింది.

రమ్య చున్నీ కొసన వేసిన ముడి విప్పి, తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.