పన్నెండు సిలిండర్లు

"పెద్దమ్మా, మళ్లీ తయారయ్యావా?" అన్నాడు గైడు.

ఆవిడ పడవెక్కి, నిచ్చెన పక్కన కూర్చుంది.

మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఇదే వరస. టికెట్టు కొంటుంది. పగడాల దిబ్బ దాకా వస్తుంది. నీళ్లలో కాలైనా పెట్టదు.

తక్కినవాళ్లు గాలి సిలిండరు వీపుకి కట్టుకుని దిగుతారు. లోతు తక్కువ. రంగుచేపల్ని చూసుకుని ఎవరికి వారే పైకొస్తారు. వాళ్ల సిలిండర్లు విప్పి గైడు చట్రంలో నిలబెడతాడు. చట్రానికి పన్నెండు గళ్లు. గళ్లు నిండితే పడవ కదులుతుంది.

ఆవిడ మాత్రం నిచ్చెనెక్కే ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెడుతుంది.

"కోడిపిల్లల్ని గంప కింద కమ్ముతోందిరోయ్!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"మనుషుల్ని లెక్కపెట్టు నాయనా," అంది ఆవిడ గైడుతో. "సిలిండర్లని కాదు."

"నా పని నాకు నేర్పకు."

ఆ పూట పడవ కదలబోతుంటే ఆవిడ లేచి డ్రైవరు చెయ్యి పట్టుకుంది.

"ఆగు! పదకొండుమందే ఉన్నారు!"

అందరూ అంచుకి పరుగెత్తి నీళ్లలోకి తొంగిచూశారు.

పన్నెండోవాడు మరుగుదొడ్డిలోంచి నిక్కరు సర్దుకుంటూ వచ్చాడు.

పడవంతా గొల్లున నవ్వింది. గైడు ముఖం కందగడ్డయింది.

"ఇంకోసారి ఈ పడవెక్కావంటే రెక్క పట్టుకుని దింపేస్తా."

మరుసటి ఆదివారం ఆవిడ రేవులో నిలబడింది.

"ఓ మూల కూర్చుంటా నాయనా. నోరెత్తను."

గైడు ఎక్కే పలక లాగేశాడు.

ఆ రోజు గాలి మారింది. అలలు లేచాయి. అందరికీ తొందర. గాలి చాలనివాళ్లు అందుకోవడానికని పడవ కింద తాడుకి ఒక సిలిండరు వేలాడదీసి ఉంచుతారు. దాన్ని గైడే పైకి లాగి, చేతికందిన ఖాళీ గడిలో నిలబెట్టాడు.

కాసేపటికి చూస్తే పన్నెండు గళ్లూ నిండి ఉన్నాయి.

"పోనియ్!"

రేవులో అందరూ దిగిపోయాక బల్ల కింద ఒక జత చెప్పులు మిగిలాయి.

వెనక్కి వెళ్లేసరికి గంటన్నర పట్టింది. పగడాల మీద చేపలు మేస్తున్నాయి. తాబేలొకటి తాపీగా ఈదుకుంటూ పోయింది. మనిషి లేడు.

మూడు రోజులు వెతికారు. దొరకలేదు.

నాలుగోరోజు గైడు పడవ యజమాని ఎదుట తల వంచుకుని నిలబడ్డాడు.

"నా చేత్తోనే పెట్టానండీ ఆ సిలిండరు. ఆ పెద్దమ్మని ఎక్కనిచ్చి ఉంటే... ఎక్కడుంటుందండీ? కాళ్ల మీద పడతాను."

"ఊరొదిలి పోయింది. సంగతి తెలిసిన పూటే."

"ఆవిడ కొడుకెవరైనా ఇక్కడ పోయాడాండీ?"



"ఆవిడకి పిల్లల్లేరు," అన్నాడు యజమాని. "నువ్వు రాకముందు ఈ పడవకి గైడు ఆవిడేరా. గళ్లు నిండాయి కదా అని, ఒక పిల్లని నీళ్లలోనే వదిలేసి వచ్చింది."