ఒకటో తరగతి గోడ

మబ్బు పట్టింది. వాన పడేలోపు సున్నం ఆరాలని టీచర్ పొద్దున్నే వంటమనిషి నర్సింగమ్మను పిలిచింది. బడి తెరిచేనాటికి ఒకటో తరగతి గోడకు కొత్త అక్షరాలు, బొమ్మలు వేయాలి.

గోడ మీద పాత చెట్టు ఉంది. కొమ్మలు టీచర్ గీసినవి. ఆకులు మాత్రం అప్పటి పిల్లలు ఆకుపచ్చ రంగులో ముంచి అద్దిన అరచేతులు. ఒక్కో ఆకు కింద ఒక్కో పేరు.

నర్సింగమ్మ ఆకులన్నిటినీ సున్నంతో కప్పేస్తూ వచ్చింది. నిరోష పేరు దగ్గర టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అదొక్కటి ఉండనియ్యి నర్సింగమ్మా. చుట్టూ పూలు గీస్త. నీ బిడ్డ గుర్తు."

"వద్దు మేడమ్."

"రోజూ చూసుకుంటవు గద."

"రోజూ చూస్తనే ఉన్న. కొత్త పిల్లలు దాని మీద చెయ్యి పెట్టి కొలుచుకుంటరు. ఏడాది తిరిగేసరికి వాళ్ల చెయ్యి పెద్దగైతది, పై క్లాసుకు పోతరు. నా బిడ్డతోని చదివినోళ్లు నాలుగో క్లాసుల ఉన్నరు. జ్వరమొచ్చి సచ్చిపోయిన పిల్ల, అదొక్కతే ఇంక ఒకటిల ఉన్నది. ఇంకెన్నేండ్లు ఫెయిల్ చేస్తరు మేడమ్?"

టీచర్ చెయ్యి వదిలింది.

నర్సింగమ్మ రెండు పూతలు వేసింది. తడి సున్నం కింద ఆకుపచ్చ వేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఇద్దరూ గడప దగ్గర కూర్చుని చూశారు. గోడ ఆరేకొద్దీ ఒక్కో వేలు తెల్లబడింది.

వాన మధ్యాహ్నం మొదలైంది. నిరోష అంతకు కొంచెం ముందే వెళ్లిపోయింది.