చక్కెర మాడే వాసన

చూపు పోయినా ఇస్మే వంటింట్లో కుర్చీ వదల్లేదు. ఆదివారం కోడికూరకు రంగు రావడానికి నూనెలో చక్కెర మాడుతుంటే, ముక్కలు ఎప్పుడు వేయాలో వాసన పట్టి ఆవిడే చెప్పేది. ఆ పనికీ పనికిరాకపోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వృద్ధాశ్రమానికి పంపేద్దామని కోడలు వెల్డా మొగుడితో తేల్చేసింది.

"ఇప్పుడు! వెయ్యవే!" అంది ఇస్మే.

వెల్డా ముక్కల గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది. చక్కెర బొగ్గయ్యాక ముక్కలు వేసింది.

కొడుకు మొదటి ముద్దే ఉమ్మేశాడు. "చేదు విషం! ఎప్పుడు చెప్పావమ్మా?"

"వేళకే చెప్పాను. నీ పెళ్ళామే కావాలని ఆగింది. అప్పుడే గుమ్మంలో నీ రమ్ము వాసన వచ్చింది, నువ్వు చూశావుగా. చెప్పరా నాయనా!"

కొడుకు రమ్ము గ్లాసును చప్పుడు కాకుండా దూరంగా జరిపాడు.

"నేను బయటున్నానమ్మా. నీ ముక్కు పనైపోయింది."